దీవిలో మిగిలిన ఒక్క నేరేడు చెట్టు

అనగనగా నడిసముద్రంలో ఒక చిన్న దీవి. ఆ దీవి నిండా నేరేడు అడవి. మనిషన్నవాడు అక్కడ లేడు.

అందులో ఒక చెట్టు మీద పచ్చపావురం ఉండేది. ఆ పక్కనే బొరియలో ఒక పెద్ద పీత ఉండేది. పావురం పండ్లు తిని, దీవంతా తిరుగుతూ గింజలు రాల్చేది. పీత మట్టిని గుల్ల చేసేది. ఆ మెత్తటి మట్టిలో గింజలు మొలిచేవి. ఇద్దరూ కలిసి అంత అడవిని పెంచారు గానీ, ఏనాడూ ఒకరినొకరు పలకరించుకోలేదు.

ఒకసారి పెద్ద తుఫాను వచ్చింది. ఒడ్డుకు కొట్టుకొచ్చి ఒక ఓడ పగిలిపోయింది. సగం చెట్లు కూలాయి. "గింజలున్నాయిలే, మళ్లీ మొలుస్తాయి" అనుకుంది పావురం. ఒక వానాకాలం గడిచింది, మొలక రాలేదు. రెండో వానాకాలమూ రాలేదు. మూడో వానాకాలానికి మిగిలిన ముసలి చెట్లూ ఎండిపోయి, కాసే చెట్టు ఒక్కటే మిగిలింది.

"ఓ పీతా! నా గింజలన్నీ తింటున్నది నువ్వే. దొంగా!" అని దీవంతా వినేలా అరిచింది పావురం.

పీతకు ఒళ్లు మండింది. అసలు సంగతి దానికి తెలుసు. ఓడలోంచి దిగిన ఎలుకలు గింజల్ని కొరికేస్తున్నాయి. ఆ పంటిగాట్లు అది రోజూ చూస్తూనే ఉంది.

"నన్ను దొంగ అంది కదా! నేనెందుకు చెప్పాలి?" అని బొరియలో ముడుచుకు కూర్చుంది. కోపం వస్తే వచ్చింది పిల్లలూ, దాచుకోవలసిన సంగతా అది?

ఆ ఏడు పండ్లు చాలలేదు. "అమ్మా, ఆకలి!" అని పావురం పిల్ల రోజూ ఏడ్చేది. ఆ ఏడుపు పీతకు వినిపిస్తూనే ఉండేది. ఒకరోజు వినిపించలేదు.

పీత బొరియలోంచి బయటికొచ్చింది. మెల్లగా చెట్టెక్కి, కొరికిన గింజ ఒకటి గూటి ముందు పెట్టింది.

"ఇది ఎలుక పంటిగాటు తల్లీ. ముందే చెప్పాల్సింది. పంతానికి పోయాను" అంది.

పావురం ఖాళీ గూటి వంక చాలాసేపు చూసింది. "నిన్నొక్క మాట అడగకుండా దొంగవన్నాను మామా" అని ఏడ్చింది.

గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చిన తాబేలు ఆ మాటలూ ఏడుపూ విని ఆగింది.

"దూరాన ఇంకో దీవి ఉంది. అక్కడా ఎలుకలు దిగాయి. అక్కడి పక్షీ పీతా చివరిదాకా పోట్లాడుకుంటూనే ఉన్నాయి. ఇప్పుడక్కడ చెట్టు లేదు. ఎలుకలు నా గుడ్లనూ వదల్లేదు. ఒక్కటి మాత్రం చూశాను. పీత డెక్కలంటే ఎలుకలకు భయం. దాని బొరియ దగ్గరికి రావు" అంది.

ఆ రోజు నుంచి పావురం ప్రతి గింజనూ బొరియ చుట్టూనే రాల్చింది. పీత కాపలా కాసింది. తాబేలు కూడా అక్కడే గుడ్లు పెట్టింది. వాన కురిసింది. ఒక మొలక రెండాకులు విప్పింది.

"ఇది కాసేనాటికి నేనుండను మామా" అంది పావురం.

"నేనుంటాను తల్లీ" అంది పీత. "నీ తర్వాత వచ్చే పిల్లలు నన్ను అడక్కుండా దీని పండ్లు తిన్నా సరే, దొంగలని మాత్రం అనను."

నీతి: ఒక చోట బతికేవాళ్లు తమకు తెలిసింది దాచుకోకుండా చెప్పుకుని, కలిసి పనిచేస్తేనే ఆ చోటు అందరికీ మిగులుతుంది.