కోటగుమ్మం మీది తెల్లగుడ్డ

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ జంతువులన్నీ కలిసి ఏకంగా ఒక నగరమే కట్టుకున్నాయి. ఇటుక బట్టీలు పెట్టాయి, మేడలు లేపాయి. దాంతో పొగ కూడా లేచింది. అందరి ముక్కుల్లోకీ దూరింది.

నగరపెద్ద ఏనుగు సభ పెట్టింది.

"పొగ తగ్గించే ప్రయోగం చేద్దాం. కోటగుమ్మం మీద తెల్లగుడ్డ కడదాం. సాయంత్రానికి అది తెల్లగానే ఉంటే మనం గెలిచినట్టు," అంది.

ఆ మాటకు అందరికంటే ఎక్కువ సంబరపడింది చుక్కమ్మ అనే మేక. అది పల్లపు వీధిలో ఉండేది. దాని ఒక్కగానొక్క పిల్ల పిందెకు పొగ అసలు పడదు.

మొదటి రోజే గుడ్డ మసిబారింది. ఏనుగుకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు మంత్రి నెమలి ఒక ఉపాయం చెప్పింది.

"బట్టీలన్నీ పల్లపు వీధికి మార్చేద్దాం దొరా. గాలి కూడా అటే వీస్తుంది."

ఏనుగు సరేనంది. ఇక చూడండి! ఒక్క బట్టీ ఆగలేదు, ఒక్క ఇటుక తగ్గలేదు, గుడ్డ మాత్రం మల్లెపువ్వులా మెరిసింది. నగరమంతా డప్పులే డప్పులు!

పల్లపు వీధిలో పిందె దగ్గు ఆగక పాలు కూడా తాగలేకపోయింది. చుక్కమ్మ పరుగున కోటకు వెళ్లింది.

"అయ్యా, మా వీధిలో ఊపిరాడడం లేదు. నా బిడ్డ నాకు దక్కేలా లేదు."

నెమలి ఈకలు సర్దుకుంటూ, "మీ వీధిలో గుడ్డ కట్టామా?" అని అడిగింది.

"లేదు."

"మరి గుడ్డ లేని చోట పొగ ఉందని ఎలా చెబుతావే?"

విన్నారా పిల్లలూ, అదీ వాళ్ల న్యాయం!

చుక్కమ్మ మళ్లీ వెళ్లింది. "పోనీ, మా వీధిలోనూ ఒక గుడ్డ కట్టించండి," అని బతిమాలింది.

"అక్కడ కడితే మసిబారదూ? నగరం పరువేం కావాలి?" అని నెమలి కసిరి పంపేసింది.

అంతటితో ఆగాయా? గెలిచిన గుర్తుగా విజయమండపం కట్టాలన్నాయి. మండపానికి ఇటుకలు కావాలిగా! పల్లపు వీధిలో ఇంకో బట్టీ రాజేశాయి. పొగ తగ్గించామని గొప్ప చెప్పుకోవడానికి ఇంకా పొగ! సిగ్గుండాలి!

మూడోసారి చుక్కమ్మ వెళ్లేసరికి కోట ముందు ఒకటే సందడి. ఈ ప్రయోగం నేర్చుకుపోయి తమ నగరాల్లోనూ చేద్దామని పక్క అడవుల నుంచి కొంగలు వచ్చాయి. చుక్కమ్మకు ఒళ్లు మండిపోయింది.

"ఇదే నేర్చుకుపోతే అక్కడి పిల్లల గతేం కాను?" అనుకుంది.

ఇక ఎవరినీ ఏమీ అడగలేదు. చకచకా గోడెక్కింది, గుడ్డను పళ్లతో లాగింది, పల్లపు వీధికి పరుగు లంకించుకుంది.

"పట్టుకోండి! మేక గుడ్డను తినేస్తోంది!" అని నెమలి కేకలు పెట్టింది.

ముందు మేక, వెనక నెమలి, దాని వెనక కొంగలు, అందరికంటే వెనక ఆయాసపడుతూ ఏనుగు. అది వచ్చేసరికి చుక్కమ్మ గుడ్డను తన గుడిసె చూరుకు కట్టేసింది. అప్పటికే దాని మీద మసి చారలు దిగుతున్నాయి.

ఏనుగు కోపంగా ఘీంకరించబోయి గట్టిగా ఊపిరి పీల్చింది. అంత పొడుగు తొండం నిండా పొగ దూరింది. దగ్గీ దగ్గీ మోకాళ్ల మీద కూలబడింది. కళ్ల వెంట నీళ్లు కారాయి.

పిందె లేవలేక లేచి దాని దగ్గరికి వచ్చింది.

"తాతా, అంత గట్టిగా పీల్చకు. కొంచెం కొంచెంగా పీల్చుకో. మేం రోజూ అలాగే పీలుస్తాం," అంది.

ఏనుగు తలెత్తలేకపోయింది. కొంగలు మొహమొహాలు చూసుకుని, నేర్చుకోవలసింది నేర్చుకుని వెళ్లిపోయాయి.

ఆ సాయంత్రమే బట్టీలు ఆరిపోయాయి. మండపం మొండి గోడలతో ఆగిపోయింది. ఇల్లు లేనివాళ్లకు మాత్రమే కొత్త ఇల్లు కట్టాలని, అదీ ఎండలో ఆరబెట్టిన ఇటుకలతోనే కట్టాలని ఏనుగు చాటింపు వేయించింది. తెల్లగుడ్డ పల్లపు వీధిలోనే ఉండిపోయింది.

మర్నాడు నెమలి పూలదండ పట్టుకుని చుక్కమ్మ గుడిసెకు వచ్చింది.

"నీకు సన్మానం చేయమన్నారు దొరగారు," అంది.

"నా బిడ్డ దగ్గు తగ్గాక రా," అంది చుక్కమ్మ. దండను మాత్రం లాక్కుని పరపరా నమిలేసి, పిందెకు పాలివ్వడానికి లోపలికి వెళ్లిపోయింది.

నీతి: పొగను పక్క వీధికి తోస్తే తగ్గించినట్టు కాదు, నోరులేనివాళ్ల ముక్కుల్లోకి తోసినట్టు.