వెనుకవారి బాట

ఐర్లండ్ దేశపు పడమటి ఒడ్డున, సముద్రానికి ఎదురుగా నిలిచిన ఒక కొండచరియ మీద ఈ బాట ఉంది. కింద చేపల రేవు దగ్గర మొదలై, పైన మునిబుగ్గ అనే నీటి ఊట దగ్గర ముగుస్తుంది. దూరం మూడు మైళ్ళకు కొంచెం ఎక్కువ. ఎక్కేటప్పుడు ఎడమచేతి వైపు సముద్రం, కుడిచేతి వైపు పచ్చిక. మధ్యలో ఏడు రాతిగోడలు అడ్డం వస్తాయి. ఏడు అనగానే మనవారికి సప్తపది గుర్తుకు వస్తుంది. ఇక్కడివారికి ఆ సంగతి తెలియదు. పచ్చికబీళ్ళు ఏడు కనుక గోడలు ఏడు, అంతే.

గోపురం, ధ్వజస్తంభం, విగ్రహం ఇక్కడ లేవు. ప్రసాదం కావలసినవారు రేవు దగ్గర టీ, రొట్టె తిని బయలుదేరడం మంచిది. మన వైపు నుంచి వచ్చే జంటలు ఎక్కువగా ఫోటోల కోసమే వస్తారు. వద్దనేవారెవరూ లేరు, చోటు అంత బాగుంటుంది. అయినా ఏ క్షేత్రానికైనా దాని కథ తెలుసుకుని వెళ్ళడం మర్యాద. అందుకే ఈ నాలుగు మాటలు.

పూర్వం ఇక్కడ సోర్చా అనే గొర్రెల కాపరి, ఆమె భర్త ఫింటన్ కాపురం ఉండేవారు. పెళ్ళయి పదకొండేళ్ళు అయింది. పిల్లలు లేరు, ఎనభై గొర్రెలు ఉన్నాయి. సోర్చా ‘పద’ అనేసరికే సగం దూరంలో ఉండే మనిషి. ఫింటన్‌ది పెళ్ళినడక. ఇద్దరూ రోజూ తెల్లవారగానే మందను తోలుకుని ఈ బాటనే కొండమీది పచ్చికకు ఎక్కేవారు, పొద్దు వాలకముందే దిగేవారు.

ఈ ప్రాంతపు గోడలకు సున్నం లేదు, మట్టి లేదు. రాయి మీద రాయి పేర్చినవే. తలుపులూ లేవు. మంద దాటవలసిన చోట గోడలోని రాళ్ళు తీసి సందు చేస్తారు. మంద దాటాక ఆ రాళ్ళన్నీ మళ్ళీ పేర్చి సందు పూడుస్తారు. ముందు నడిచేవారు విప్పుతారు, వెనుక వచ్చేవారు పేరుస్తారు. సోర్చా ముందు నడిచేది. మోచేత్తో ఒక్క తోపు తోస్తే సందు పడేది. ఫింటన్ వెనుక వచ్చి, ఏ రాయి ఎక్కడ కూర్చుంటుందో చూసి, ఒక్కొక్కటే పేర్చుకుంటూ వచ్చేవాడు. విప్పడం ఎంతసేపు, పేర్చడం ఎంతసేపు అన్నది సోర్చా ఎన్నడూ ఆలోచించలేదు. తన మొగుడు నిదానస్తుడని మాత్రం ఊరంతా చెప్పేది.

ఇక్కడ పొగమంచు చెప్పాపెట్టకుండా దిగుతుంది. దిగితే తన చెయ్యి తనకు కనపడదు. అందుకని ప్రతి సందు దగ్గరా ముందున్నవారు ‘‘వస్తున్నావా?’’ అని కేకవెయ్యాలి, వెనుకవారు ‘‘వస్తున్నా’’ అని బదులివ్వాలి. అది కాపరుల రివాజు.

ఒక వసంతకాలంలో ఇద్దరికీ మాటామాటా వచ్చింది. ఆ ఉదయం కొండమీద ఉన్నట్టుండి వడగళ్ళవాన పడింది. ఫింటన్ ఇంకా ఆరో గోడ దగ్గరే ఉన్నాడు. సోర్చా ఒంటరిగా మందను మరుగుకు చేర్చలేకపోయింది. అప్పుడే పుట్టిన రెండు గొర్రెపిల్లలు చలికి బిగుసుకుని చచ్చిపోయాయి. ఆ రెండింటినీ ఒడిలో పెట్టుకుని కూర్చున్న మనిషి దగ్గరకు ఫింటన్ చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

‘‘వచ్చావా నాయనా! నీ కాళ్ళకేమన్నా సంకెళ్ళు వేశారా? ఆ గోడలనే కట్టుకోవలసింది, నన్నెందుకు కట్టుకున్నావు?’’ అంది సోర్చా.

ఫింటన్ ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. మర్నాటి నుంచి సోర్చా అడగడం మానేసింది. సందు విప్పి, మందను దాటించి, వెనక్కి చూడకుండా సాగిపోయేది. వెనుక నుంచి మాత్రం, అడిగేవారు లేకపోయినా, ప్రతి గోడ దగ్గరా ‘‘వస్తున్నా’’ అనే మాట వినిపిస్తూనే ఉండేది. ఆ మాట వింటే ఆమెకు కోపమూ వచ్చేది, ధైర్యమూ కలిగేది. ధైర్యం కలిగినందుకు ఇంకాస్త కోపం వచ్చేది.

ఇలా ఎనిమిది రోజులు గడిచాయి. తొమ్మిదోనాడు రెండో గోడ దాటగానే పొగమంచు కమ్మింది. నాలుగో గోడ దగ్గర ‘‘వస్తున్నా’’ వినపడింది. అయిదో గోడ దగ్గర వినపడలేదు.

సోర్చా ఒక్క క్షణం ఆగింది. ‘ఆహా, అయ్యగారికీ అలక వచ్చిందన్నమాట! రానీ, ఎన్నాళ్ళు బిగుసుకుంటాడో చూద్దాం’ అనుకుని ముందుకు నడిచింది. అలకకూ ఆపదకూ తేడా ఆమెకు తెలియకపోలేదు. కానీ తొమ్మిది రోజులుగా అలిగి ఉన్న మనిషికి లోకమంతా అలిగినట్టే ఉంటుంది.

పైకి చేరాక చూస్తే మందలో ఒక కుంటి గొర్రె తక్కువైంది. సోర్చా తన రొట్టె తింది, ఫింటన్ వాటా మూటలోనే ఉంచింది. ఎంతసేపటికీ అడుగుల చప్పుడు లేదు. మందను అక్కడే వదిలి కిందికి పరుగెత్తింది. ఏడో సందు, ఆరో సందు తాను విప్పినవి విప్పినట్టే ఉన్నాయి. అయిదో సందులో రెండు వరసలు పేర్చి ఉన్నాయి, తక్కిన రాళ్ళు నేలమీద ఉన్నాయి. మనిషి లేడు.

ఆ పగలంతా, మర్నాడంతా సోర్చా ఈ బాట మీద కిందికీ మీదికీ పరుగులు పెట్టింది. ‘‘ఫింటన్! ఫింటన్!’’ అని గొంతు పగిలేలా అరిచింది. ఒకచోట పిలిచి, అక్కడ లేడనుకుని, ఇంకోచోటికి పరుగెత్తి మళ్ళీ పిలిచింది. రేవులోనివారు వచ్చి చరియ అంచున బోర్లా పడుకుని కిందికి చూశారు. నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. మంచులో పడవలు దించే వీలు లేదు. రెండోనాటి సాయంత్రానికి వాళ్ళు టోపీలు తీసి చేతుల్లో పట్టుకుని, సముద్రం తీసుకుపోయి ఉంటుందమ్మా, ఇక ప్రార్థన చేసుకుందాం అన్నారు. సోర్చా వాళ్ళను తిట్టి పంపేసింది. కానీ ఆ మాట ఆమె లోపల దిగబడిపోయింది. మొగుడు బతికి ఉన్నాడా లేడా అన్నది కాక, తాను అడిగి ఉంటే బతికేవాడా అన్నది ఆమెను తినేసింది.

మూడోనాటి ఉదయం ఆమె ఊట దగ్గరి ముని ముందు నిలబడింది. ఆ ముని ముప్పై ఏళ్ళుగా ఆ బుగ్గ పక్కన రాతిగుడిసెలో తపస్సు చేస్తున్నాడు. పేరు ఎవరికీ తెలియదు. తల గొరిగించుకుని ఉంటాడు కనుక ఊరివారు బోడిముని అనేవారు.

‘‘ముప్పై ఏళ్ళు కళ్ళు మూసుకుని కూర్చున్నావు గదా స్వామీ! నా మొగుడెక్కడున్నాడో నీ కళ్ళకూ కనపడలేదా?’’ అని నిలదీసింది సోర్చా.

‘‘కనపడలేదమ్మా. నువ్వు పిలవడం మాత్రం వినపడింది. రెండు రోజులూ వినపడింది’’ అన్నాడు ముని. దోసిటితో ఊటనీళ్ళు ఇచ్చి, ‘‘నీకు నిద్ర లేదు, కాసేపు పడుకో’’ అన్నాడు.

పడుకోనని చెబుతూనే సోర్చా రాతికి ఆనుకుని కళ్ళు మూసుకుంది. మూయగానే కల వచ్చింది. కలలో అయిదో గోడ దగ్గర ఒక ముసలామె కూర్చుని రాళ్ళు పేరుస్తోంది. ఆమె చీరకట్టు వంటిది ఏదీ కట్టలేదు, ఊటనీరే ఆమె చుట్టూ వస్త్రంలా జారుతోంది. ఆమె ఊటతల్లి అని ఇక్కడివారి నమ్మకం. ‘‘తల్లీ, నా మొగుణ్ణి చూశావా?’’ అని అడిగింది సోర్చా. ఆమె తల ఎత్తకుండానే, ‘‘ఇన్నాళ్ళూ విప్పుకుంటూ పోయావు. ఈసారి పేర్చుకుంటూ రా’’ అంది.

మెలకువ వచ్చి సోర్చా ఆ కల చెబితే, ముని గడ్డం గోక్కుని, ‘‘కల నీది, అర్థం నన్నడిగితే ఎలా? పేర్చమంది గదా, పేర్చు. ముందు నడిచేవాడు కావాలంటే నేను నడుస్తాను’’ అన్నాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆయన బుగ్గను వదిలి కదిలాడు. మందకు ముందు ముని, వెనుక సోర్చా దిగడం మొదలుపెట్టారు.

ఏడో గోడ దగ్గర సోర్చా వంగి రాళ్ళు ఎత్తింది. ఈ రాయి పెడితే ఆ రాయి జారింది. ఆ రాయి సర్దితే అడుగున వెలితి పడింది. రెండు గోళ్ళు విరిగాయి. తల ఎత్తి చూస్తే మందా లేదు, మునీ లేడు, మంచు మాత్రమే ఉంది. ఒక్కసారిగా భయం వేసింది. ‘‘ఆగవయ్యా స్వామీ! నేను మనిషిని కానా?’’ అని కేకవేసింది. ఆ కేక తన చెవినే పడేసరికి ఆమెకు ఫింటన్ ఆనాడు చెప్పబోయి ఊరుకున్నది ఏమిటో అర్థమైంది. మంచులోంచి ముని గొంతు, ‘‘ఇక్కడే ఉన్నానమ్మా. వస్తున్నావా?’’ అంది. ‘‘వస్తున్నా’’ అని ఆమె బదులు చెప్పేదాకా ఆయన కదలలేదు.

ఆరో గోడ పూడ్చేసరికి నడుము పట్టేసింది. రోజుకు ఏడు గోడలు ఎక్కేటప్పుడు, ఏడు గోడలు దిగేటప్పుడు. పదకొండేళ్ళు! పైగా ఏనాడూ ఒక్క రాయి జారలేదు, ఒక్క గొర్రె పరాయి బీడులోకి పోలేదు. సోర్చా గోడకు తల ఆనించి ఏడ్చింది. ‘ఎంత మాట అన్నానురా నిన్ను’ అని పైకే అంది. ముని మంచులో నిలబడి వేచి ఉన్నాడు.

అయిదో గోడ దగ్గర సగం పని ఫింటన్ చేసి ఉంచిందే. సోర్చా అతని వరసల మీద తన రాళ్ళు పెట్టసాగింది. కదలకుండా ఒకే చోట మోకాళ్ళ మీద ఉంది కనుక, ఇన్నాళ్ళూ పట్టించుకోని సంగతి ఒకటి చెవిన పడింది. అక్కడ అల వచ్చి చరియను కొట్టినప్పుడు చెవులు హోరెత్తుతాయి. అల వెనక్కి తగ్గాక, ఇంకోటి వచ్చేలోపు, మూడు ఊపిరులంత సేపు నిశ్శబ్దం ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో ముని ముందు నుంచి, ‘‘వస్తున్నావా?’’ అని అడిగాడు.

సోర్చా ఇంకా నోరు తెరవలేదు. ఆమె కాళ్ళ కింద నుంచి, చరియ లోపలి నుంచి, ‘‘వస్తున్నా’’ అనే మాట వచ్చింది.

బొంగురుపోయిన గొంతు. అయినా మొగుడి గొంతు ఆమెకు తెలియదా! చేతిలోని రాయి జారవిడిచి అంచుకు పాకింది. అక్కడ చరియ లోపలికి గూడులా తొలిచి ఉంటుంది, పైనుంచి చూసేవారికి నీళ్ళే కనపడతాయి. కుంటి గొర్రె ఆ గూటిలోకి జారితే, దాని కోసం దిగిన ఫింటన్ కాలు విరిగి అక్కడే చిక్కుకున్నాడు. గొర్రె వెచ్చదనంతో, గొర్రె పాలతో ప్రాణం నిలుపుకున్నాడు. రేవు నుంచి మోకులు తెప్పించి, ఇద్దరు మనుషులు దిగి, అతన్నీ గొర్రెనూ పైకి లాగారు.

సోర్చా అతని ముఖం రెండు చేతులా పట్టుకుని, ‘‘రెండు రోజులు అరిచాను గదయ్యా! ఒక్కసారైనా పలకలేకపోయావా?’’ అంది.

‘‘పిలిచిన ప్రతిసారీ పలికాను. అల తగ్గేదాకా ఆగి పలికేవాణ్ణి. అప్పటికి నువ్వు వెళ్ళిపోయేదానివి’’ అన్నాడు ఫింటన్. నిష్ఠూరంగా అనలేదు. జరిగింది చెప్పాడు, అంతే.

ఆ తరువాత వారు ఇరవై ఆరేళ్ళు కాపురం చేశారు. అవిటికాలితో ఫింటన్ ముందు నడిస్తే, మంద దారిలోని గడ్డి అంతా మేసేశాక గాని పైకి చేరేది కాదని చెబుతారు. వెనుక సోర్చా గోడలు పేర్చేది, సణుగుతూనే పేర్చేది. ఫింటన్ కాలం చేశాక ఆమె ఒక్కతే ఈ బాట నడిచింది. తానే విప్పి, తానే పేర్చి, ‘‘వస్తున్నావా?’’ అని అడిగి, అల వెనక్కి తగ్గి మూడు ఊపిరులు గడిచేదాకా ఆగి, అప్పుడు కదిలేది. ఎవరో జాలిపడి, ఎవరు పలుకుతారని అడుగుతున్నావమ్మా అంటే, ‘‘పలకడం అతని వంతు. అడిగి ఆగడం నా వంతు’’ అందట.

నేడు గొర్రెలకు వేరే దారి ఉంది. ఈ ఏడు గోడల సందుల్లోనూ ఒక్కొక్క వదులు రాయి మాత్రం ఉంచారు. జంటగా వచ్చినవారిలో ముందున్నవారు ఆ రాయి తీసి కింద పెట్టి దాటుతారు. వెనుకవారు దాటి దాన్ని స్వస్థానంలో పేరుస్తారు. ముందువారు అడగాలి, వెనుకవారు పలకాలి, ఆ పలుకు వినపడేదాకా ముందువారు అడుగు వెయ్యరాదు. అయిదో గోడ దగ్గర స్థానాలు మారాలి. పైన ఊటనీరు ఒకరి దోసిటి నుంచి ఇంకొకరు తాగాలి. ఇలా చేసినవారికి కలహం రాదని పెద్దలు చెప్పలేదు. వచ్చిన కలహం తొమ్మిది రోజులు దాటదని మాత్రం చెప్పారు. తొందర పని ఉన్నవారికి కింద మోటారు రోడ్డు ఉంది.

ఈ బాటకు ఒంటరిగా వచ్చేవారూ ఉంటారు, ముఖ్యంగా వయసు మళ్ళినవారు. వారు ఏ గోడ దగ్గరో రాయి తీసి, పేర్చి, ‘‘వస్తున్నావా?’’ అని అడిగి నిలబడడం మీకు కనపడవచ్చు. ఆ మూడు ఊపిరులు గడిచేదాకా వారి వెనుక వచ్చే యాత్రికులెవరూ అడుగు కదపరు.