జోగారావు గారి కళ్ళు – పానకాలు ఫినాయిలు

కంచెలపాడులో తెలివంటే పానకాలు ఇంటిదే. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, పానకాలే అనేవాడు. తమ్ముడు యోగయ్య అవునవునని తలూపేవాడు. పానకాలు పెళ్ళాం నాంచారమ్మ అయితే రోజూ పొద్దున్నే అన్నదమ్ములిద్దరికీ దిష్టి తీసేది. ఇంత తెలివి ఒకే కప్పు కింద ఉంటే నలుగురి కళ్ళూ పడవూ మరి?

ముగ్గురూ కలిసి పెరట్లో డ్రమ్ములో తెల్ల ఫినాయిలు కలిపి, సీసాలకి పట్టి అమ్మేవాళ్ళు. సీసా మీద చీటీ లేదు, పేరు లేదు. "ఫినాయిలు ఫినాయిల్లాగే ఉందిగా, మళ్ళీ రాతలెందుకూ?" అనేవాడు పానకాలు.

అలా ఉండగా టౌనులో జోగారావు గారని, రిటైరైన లెక్కల మాస్టారు ఒక సీసా కొన్నారు. చీటీ లేదు కదా, ఇదేమిటో చూద్దామని మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఇంకేముంది! ఘాటు నషాళానికంటింది, కళ్ళు రెండూ చింతనిప్పులయ్యాయి. ఆయన ఊరుకునే మనిషి కాదు. ఘాటు మందు పోసి, 'జాగ్రత్త' అన్న ఒక్క ముక్కయినా రాయకుండా అమ్ముతున్నారు, వీళ్ళ కొట్టు మూయించండి అని వినియోగదారుల కోర్టులో కేసు వేశారు.

నోటీసు చూసేసరికి పానకాలు గుండె జారిపోయింది. ఆ డ్రమ్ము తప్ప ఇంటికి వేరే ఆధారం లేదు. అది కాస్తా పోతే ముగ్గురూ ఏం తిని బతకాలి? వెంటనే టౌనుకెళ్ళి ప్లీడరు శేషావతారం గారి ముందు నిలబడ్డాడు.

ప్లీడరు గారు లోపలికెళ్ళి, తమ ఇంట్లో వాడే కంపెనీ ఫినాయిలు సీసా తెచ్చి చేతిలో పెట్టారు. "దీని మీద ఏముందో చూసి, మీరూ అచ్చం అలాగే చెయ్యండి. నెల్లాళ్ళు టైముంది."

"అంతేనా బాబూ! ఇంత సుళువా!" అని పానకాలు సీసాని కండువాలో చుట్టుకుని ఇంటికొచ్చాడు.

యోగయ్య కూడబలుక్కుని చదివాడు. మొదటిది, 'పిల్లలకు అందని చోట ఉంచవలెను.'

"అటక మీద పెడదామా?" అంది నాంచారమ్మ.

"పిల్లలు ఎదుగుతారే పిచ్చిదానా. ముందుచూపు ఉండాలి!" అన్నాడు పానకాలు.

అంతే. యోగయ్య సీసాలన్నీ గంపల్లోకెత్తి, తాడిచెట్టెక్కి మట్టల్లో కట్టేశాడు. కొనడానికి వచ్చినవాళ్ళకి పానకాలు చెట్టు చూపించి, "పైనున్నాయి, ఎక్కి తెచ్చుకోండి," అన్నాడు.

రెండోది, 'ఎండ తగలరాదు.' తాడిచెట్టు మీద ఎండ కాక మరేం తగులుతుంది? మళ్ళీ అంతే. యోగయ్య గొడుగు పట్టుకుని సీసాల పక్కనే కూర్చున్నాడు. అన్నం గంపలో పైకి వెళ్ళేది, ఖాళీ గిన్నె కిందికి వచ్చేది. మూడో రోజు గాలివాన కొట్టింది. గొడుగుతో సహా యోగయ్య గడ్డివాములో దిగాడు. సగం సీసాలు పగిలాయి.

"పోన్లేరా, పగిలితే పగిలాయి గాని పిల్లలకి అందలేదు," అని పానకాలు తమ్ముడి వీపు తట్టాడు.

మూడోది, 'వాడే ముందు బాగా కుదపవలెను.'

"ఎవర్ని అన్నయ్యా?"

"ఎవరు వాడతారో వాళ్ళనే. ఆమాత్రం తెలీదూ?"

మర్నాడు పాలకేంద్రం సీతారత్నం సీసా కోసం వచ్చింది. ఆడమనిషి కదా అని నాంచారమ్మే ముందుకొచ్చి, రెండు భుజాలూ పట్టుకుని కొప్పు ఊడేదాకా కుదిపింది. మగవాళ్ళని యోగయ్య కుదిపాడు. వారం తిరక్కుండా కొనేవాళ్ళు ఆ వీధిలోంచి నడవడం కూడా మానేశారు.

నెల గడువు రేపటితో తీరుతుందనగా, సంగతి తెలిసి ప్లీడరు గారు పరిగెత్తుకొచ్చారు. "ఓరి మీ తెలివి తెల్లారినట్టే ఉంది! అవన్నీ చెయ్యమన్నానా? సీసా మీద రాయమన్నానయ్యా! రేపే వాయిదా. హెచ్చరిక లేని సీసా ఒక్కటి కనపడినా కొట్టు మూతే. రాసి, సరుకంతా కోర్టుకి పట్రండి."

ఆ సాయంత్రం ముగ్గురూ చీటీలు రాయడానికి కూర్చున్నారు. యోగయ్య పైకి చదువుతూ రాశాడు. 'ప్రమాదం. తాగరాదు. కళ్ళలో పడినచో వెంటనే ఈ సీసాను డాక్టరుకు చూపవలెను.' విని నాంచారమ్మ లబోదిబోమంది.

"ఏవయ్యా, ఇంత ప్రమాదమా మనం ఊరికి అమ్మేది? పాపం చుట్టుకోదూ?"

పానకాలుకీ కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు మరి. "నిజమేనే. ప్రమాదం అని మన చేత్తోనే రాసి, లోపల ప్రమాదమే పోస్తామా? సీసాల్లో మజ్జిగ పొయ్యి."

"మరి ఫినాయిలో?"

"మజ్జిగ కుండ ఖాళీ అయిందిగా, అందులో పొయ్యి. ప్లీడరు గారు సీసా అన్నారు గాని కుండ అన్నారా?"

ఆ తెలివికి నాంచారమ్మ ముక్కున వేలేసుకుని, మొగుడికి మళ్ళీ దిష్టి తీసింది.

మర్నాడు కోర్టులో జడ్జీ గారు సీసాలు ఒక్కొక్కటే తిప్పి చూశారు. అన్నిటి మీదా హెచ్చరిక ఉంది. "బాగుంది. జోగారావు గారూ, మీరు సంతకం పెట్టి కేసు వెనక్కి తీసుకుంటే ఇక్కడితో సరి," అన్నారు.

"నాకు మాత్రం వీళ్ళ మీద కోపమేముందండీ? రాశారు, అదే చాలు. గొంతెండిపోతోంది, కాస్త దాహం తీర్చుకొచ్చి పెడతాను," అని మాస్టారు వరండాలోకి వెళ్ళారు. పానకాలు మనసులో వెయ్యి దణ్ణాలు పెట్టుకున్నాడు.

అయితే సరుకంతా పట్రమన్నారని కుండ కూడా వెంట తెచ్చారు. మరి దానికి ఎండ తగలరాదు కదా! అందుకని యోగయ్య ఫినాయిలు కుండని వరండాలో, మంచినీళ్ళ కూజా పక్కన నీడలో పెట్టి ఉంచాడు. మాస్టారు చూశారు. తెల్లగా ఉంది, కుండ చూస్తే మజ్జిగ కుండ. ఎవరో పుణ్యాత్ములు పెట్టారనుకుని, గ్లాసు ముంచబోయి వంగారు. ఇంకేముంది! ఘాటు గుప్పుమంది, గ్లాసు చేతిలోంచి జారింది, చుక్కలు చింది కళ్ళలో పడ్డాయి.

"చచ్చాన్రా బాబోయ్! ఈ కుండ మీద ఒక్క ముక్క రాసి ఉందా! ఇంకో కేసు వేస్తాను!"

బంట్రోతు కూజా ఎత్తి ఆయన మొహం మీద కుమ్మరిస్తున్నాడు. పానకాలుకి పై ప్రాణాలు పైనే పోయాయి. మాస్టారి కళ్ళు బాగుపడితేనే సంతకం, సంతకం పడితేనే డ్రమ్ము. అదృష్టం కొద్దీ ఏం చెయ్యాలో చీటీ మీద ఉంది, అతనికి కంఠతా వచ్చు. మాస్టారిని అక్కడే వదిలేసి, బల్ల మీది సీసా ఒకటి లాక్కుని డాక్టరు గారింటికి పరుగు పెట్టాడు.

"కళ్ళలో పడిందండీ! సీసా చూడండి!"

"ఏముందయ్యా ఇందులో?"

"మజ్జిగండీ."

డాక్టరు గారు పానకాలుని ఎగాదిగా చూశారు. మూత తీసి వాసన చూశారు. ఒక చుక్క నాలిక మీద వేసుకున్నారు. "దీనికేం పర్లేదయ్యా. కాస్త ఉప్పు తక్కువైంది, అంతే."

పానకాలుకి ప్రాణం లేచొచ్చింది. డాక్టరు గారికి వంగి వంగి దణ్ణాలు పెట్టి, వీధి మలుపులో కొట్టు దగ్గర ఆగి, గుప్పెడు ఉప్పు తీసుకుని, జోగారావు గారి కళ్ళలో వేద్దామని కోర్టు వైపు పరుగందుకున్నాడు.