ఉప్పుగని ముల్లూ, పొట్టేలు కొమ్మూ

ఉప్పుకొండ ఎంత ఎత్తంటే, దాన్ని దాటాల్సిన మబ్బులు సగం దారిలో ఆగి, ఒక పూట నడుం వాల్చి, అప్పుడు మిగతా సగం ఎక్కేవి. ఆ కొండ కడుపులో తెల్లటి ఉప్పురాయి ఉండేది. గడ్డి మేసే ప్రాణికి ఉప్పు లేకపోతే నోరు చప్పబడుతుంది, పాలు ఇగిరిపోతాయి. అందుకని చుట్టుపక్కల మందలన్నీ ఉప్పు కోసం అక్కడికే వచ్చేవి. తవ్వేవి ఏదుపందులు. అవి గనిలోకి దిగి తవ్వడం మొదలుపెడితే, లోపలి చీకటి జడుసుకుని బయటికొచ్చి గుమ్మంలో నిలబడేది.

ఆ అడవిలో చెల్లుబాటయ్యేది గురిగింజ. ఉప్పుకీ గురిగింజే, ఎలుగుబంటి సంతలో గడ్డిమోపుకీ గురిగింజే. గనిలో వాటాలుండేవి. వాటాకి గుర్తు ఒక ఏదుముల్లు. ముల్లు ఎవరి దగ్గరుంటే వాళ్ళకి, ఏటా వానలు వెలిశాక, ఖర్చులు పోగా మిగిలిన గింజల్లో ఒక వంతు పంచేవారు.

ఆ కొండ దిగువన గవరమ్మ అనే గేదె ఉండేది. ముందటేడు ఆమెకి పెయ్యదూడ పుట్టింది, పుట్టిన వేసవిలోనే ఏరు ఎండింది. గడ్డిపోచ దొరక్క తల్లీబిడ్డా ఏటి రాళ్ళు నాకి బతికారు. వాళ్ళు నాకిన రాళ్ళు నున్నబడి అద్దాలైతే, తర్వాత ఆ దారిన పోయే కొంగలు వాటిలో ముఖం చూసుకుని మరీ ముందుకెళ్ళేవి. ఆ వేసవి గట్టెక్కాక గవరమ్మ ఇక ఎవర్నీ నమ్మలేదు. వానాకాలమంతా నోటితో కోసి, నోటితో మోసి, ఒక గడ్డివామి వేసింది. నూట ఇరవై మోపుల వామి. దాని కొనమీద గూడు కడదామని కిందనుంచి ఎగిరిన గద్ద, కొన చేరేసరికి ముసలిదైపోయి గూడు సంగతి మర్చిపోయింది. నలభై మోపులుంటే గేదెకి ఒక వేసవి దాటుతుంది. అంటే వామిలో మూడు వేసవుల తిండి ఉంది. ఆ వామి ఉంటేనే పెయ్య ఉంటుంది. గవరమ్మకి తెలిసిన లెక్క అంతే.

ఆ వామి మీద సింహాద్రప్ప కన్ను పడింది. సింహాద్రప్ప నక్క. అతని మాట ఎంత తీపంటే, నోరు తెరిస్తే తేనెటీగలు పువ్వులొదిలి అతని వెనక పడేవి. నక్కకి గడ్డెందుకంటారేమో. గడ్డి కోసం కాదు, కింద ఉన్న ఎలుకల కోసం. ఆ వామి అడుగున ఎలుకలు కుక్కపిల్లలంత బలిసి, ఊరు కట్టుకుని, వీధులు వేసుకుని కాపురముంటున్నాయి. ఆ ఊరికి తాను పెద్ద కావాలని సింహాద్రప్ప కోరిక.

అదే ఏడు ఏరు పొంగి, అవతలి గట్టున ఉన్న చవిటినేల నీట మునిగింది. ఉప్పు కోసం అక్కడికి పోయే మందలన్నీ ఇటు తిరిగాయి. ఉప్పు ధర ఆకాశానికెక్కింది. ఒక్కో ముల్లుకి నూట అరవై గింజలు వచ్చాయి. ఆ గింజలతో కొన్న గడ్డి తిని పెంటయ్య అనే ముసలి పొట్టేలు ఒళ్ళూ కొమ్మూ పెంచుకున్నాక, సింహాద్రప్ప అతని దగ్గరికి పరిగెత్తి, ముల్లు తీసుకుని, బదులుగా ఊట పక్కన ఉన్న తన చల్లటి గుహ ఇచ్చేశాడు. పెంటయ్య కుంటివాడు. కొండెక్కి మేయలేడు. పదేళ్ళుగా ఆ ముల్లు మీద వచ్చిన గింజలతో గడ్డి కొనుక్కుని బతికాడు. వయసు మీదపడింది, ఇక చల్లగా పడుకుంటే చాలనుకున్నాడు. గుహ పోతే పోయింది, ఈ ముల్లుతో వామి కొట్టేస్తే సరి అని నక్క అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే నక్క ముల్లు చెవిలో దోపుకుని, పెంటయ్యని సాక్షిగా వెంటబెట్టుకుని గవరమ్మ దగ్గరికి వచ్చాడు. ముందు పెయ్యని పొగిడాడు. తర్వాత వామిని పొగిడాడు. ఆ తర్వాత, వామి తిన్నకొద్దీ తరుగుతుంది కదా, తరగనిది ఒకటుంది కదా అని మెల్లగా ముల్లు తీశాడు. మొదటి ఏడు ఈ ముల్లుకి పది గింజలొచ్చాయట. పోయినేడు నలభై వచ్చాయట. ఈ ఏడు నూట అరవై. ఎక్కడి పది, ఎక్కడి నూట అరవై. అవునా కాదా అని పెంటయ్యని అడిగాడు. అవునని పెంటయ్య గడ్డం ఊపాడు. ఇందులో ఒక్కటీ అబద్ధం లేదు. సింహాద్రప్ప పుట్టాక ఇంత నిజం ఒక్క పూటలో చెప్పడం అదే మొదలు.

"వదినా, నూట అరవై గింజలంటే నలభై మోపులు. ఏడాదికో వేసవి. నీ వామి మూడు వేసవులు. మూడేళ్ళలో వామి వామిలా తిరిగొస్తుంది, ఆ పైన వచ్చేదంతా నీ పెయ్య పెళ్ళికి," అన్నాడు నక్క.

గవరమ్మ పెయ్య వంక చూసింది. అది అద్దంలాంటి రాయి ఒకటి పట్టుకుని, అలవాటు పోక, ఇంకా నాకుతోంది. ఇక జన్మలో నోటితో గడ్డి మోసే పని లేదు, ఎండలకి భయపడే పని లేదు అనుకుంది. సరే అనేసింది.

బేరం కుదిరితే ఇద్దరూ ఒకే ఉప్పుగడ్డ నాకాలి. నాకాక మాట తిరగడానికి లేదు. దానికి ముందు సాక్షి నుదురు నాకడం ఆ కొండ మర్యాద. గవరమ్మ మర్యాద తెలిసిన గేదె. ఆమె నాలుక అరటాకంత. పెంటయ్య నుదురు నాకబోతే నుదురూ, చెవీ, కుడివైపు కొమ్మూ అన్నీ ఒక్క విసురులో వచ్చేశాయి.

ఆ కొమ్ము మామూలుది కాదు. మూడు చుట్లు తిరిగి, నాలుగో చుట్టు తిరుగుదామా వద్దా అని ఆలోచిస్తూ ఆగిన కొమ్ము. దాని మీదుగా పోతున్న నాలుక ఉన్నట్టుండి నిలిచిపోయింది. కొమ్మంతా చెరుకుగడలా కణుపులు కణుపులుగా ఉంది. ఒక కణుపు పొడుగు, ఒకటి పొట్టి, కొన్ని దారమంత. గవరమ్మకి కణుపుల సంగతి తెలుసు. రాళ్ళు నాకిన వేసవి ఆమె కొమ్ము మీద కూడా గోరంత కణుపు వేసి పోయింది. చెట్టుకి రుద్దుకున్నప్పుడల్లా అది చేతికి తగిలిన పాత గాయంలా తెలుస్తూనే ఉంటుంది. కొమ్మున్న ప్రాణికి ఏ ఏడు కడుపు నిండిందో, ఏ ఏడు మాడిందో తలమీదే రాసి ఉంటుంది. నక్కకి కొమ్ముల్లేవు. అందుకే సాక్షిగా ఎవర్ని తెచ్చుకున్నాడో అతనికి తెలియలేదు.

"పెంటయ్య మావా," అంది గవరమ్మ నాలుక లోపలికి తీసుకుని, "ఈ కొమ్ము నీదేనా?"

"నాది కాక సంతలో అద్దెకి తెచ్చానా? ఇలాంటిది ఇంకోటుంటే చూపించు."

"మొదటి ఏడు పది గింజలంటే అవునన్నావు. ఎన్ని మోపులొచ్చాయి?"

"అప్పట్లో గింజకో మోపు. పది."

"పోయినేడు నలభై గింజలకి?"

పెంటయ్య గడ్డం నమిలాడు. "పదే. కోతులు లోయలో కొత్త గురిగింజ తీగలు కనిపెట్టాక అందరి దగ్గరా గింజలే కదమ్మా. ఇప్పుడు మోపుకి నాలుగడుగుతున్నాడు ఎలుగుబంటి."

సింహాద్రప్ప మధ్యలో దూరి, కొమ్ములతో మనకేం పని, గింజలు చూడమన్నాడు.

"గురిగింజ తింటే చస్తాను మరిదీ. నేను తినేది గడ్డి," అంది గవరమ్మ.

కొమ్ము నడిమిలో ఇంకో పొడుగు కణుపుంది. దాన్ని ముట్టెతో తాకి ఆ ఏడు ఏమైందని అడిగింది. అప్పుడూ చవిటినేల మునిగిందనీ, ముల్లు కోసం అడవంతా కొట్టుకుందనీ పెంటయ్య చెప్పాడు. మరి దాని పక్కనే దారాల్లా ఉన్న ఈ మూడూ ఏమిటని అడిగింది. నీళ్ళు తీశాయి, మందలు అవతలికి పోయాయి, తాను చిగుళ్ళతో చెట్టు బెరళ్ళు గీరుకుని బతికానని చెప్పాడు. నక్క అతని వంక గుర్రుగా చూశాడు.

"నన్ను మొదటి ఏడూ చివరి ఏడూ అడిగావు, చెప్పాను," అన్నాడు పెంటయ్య. "నడిమి ఏళ్ళు నువ్వు అడగలేదు."

అప్పుడు గవరమ్మ ఒక పని చేసింది. ఆ పని చూడ్డానికి చెట్లమీది ఉడతలు దిగొచ్చాయి, ఎలుకలు వామి కింద వీధులు ఖాళీ చేసి బయటికొచ్చాయి, సూర్యుడు మిట్టమధ్యాహ్నం కాస్త వంగి చూశాడు. వామిలోంచి ఒక పొడుగాటి పోచ లాగి, పెంటయ్య కొమ్ము కొసనుంచి మొదలుదాకా, పదేళ్ళ కణుపుల మీదా చుట్టి, సరిగ్గా అంత తుంచింది. దాన్ని నాలుకతోనే పది సమమైన మడతలు పెట్టింది. ఒక్క మడత కూడా ఇంకోదానికంటే చీమకాలంత ఎక్కువ లేదు. మంచి ఏళ్ళ పొడుగూ చెడ్డ ఏళ్ళ పొట్టీ కలిసిపోతే ఒక్కో ఏడు వాటాకి వచ్చేది ఒక మడత. ఆ మడతని ఈ ఏటి కణుపు పక్కన పెట్టి చూసింది. ఈ ఏటి కణుపులో అలాంటివి నాలుగు పట్టాయి.

"ఈ ఏడు నలభై మోపులు. సరాసరి ఏడు పది మోపులే," అంది. "మూడేళ్ళ రాబడికి ముల్లు ఇస్తానన్నావు. ఆ మాట బాగానే ఉంది, నేనూ మూడేళ్ళే ఇస్తాను. ఏడాదికి పది చొప్పున ముప్ఫై మోపులు తీసుకుని ముల్లు పెట్టిపో మరిదీ."

"నూట ఇరవై ఎక్కడ, ముప్ఫై ఎక్కడ? నా ఊట గుహ పోయింది దీని కోసం."

"గుహకి నేను ధర కట్టలేదు."

సింహాద్రప్ప పగలబడి నవ్వాడు. ముసలి పొట్టేలు కొమ్ము నాకి గనికి ధర కట్టే గేదె అని పాట కట్టి అడవంతా తిరిగాడు. గవరమ్మ వామి చుట్టూ ముళ్ళకంప వేసుకుని ఊరుకుంది. నక్క జింకల దగ్గరికెళ్ళాడు, దుప్పుల దగ్గరికెళ్ళాడు. అందరికీ ముల్లు నచ్చింది గానీ, వామి ఎవరి దగ్గరా లేదు.

మరుసటి ఏడు వానలు వెలిశాయి. ఏరు తగ్గి చవిటినేల తేలింది. తేలడం కూడా మామూలుగా తేలలేదు, కొత్త వండ్రు కింద ఉప్పు మంచులా పేరుకుని, రాత్రంతా వెన్నెల కాసినట్టు మెరిసింది. మందలన్నీ అటు పోయాయి. ఉప్పుకొండ గనిలో ఏదుపందులు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాయి. ముల్లుకి ఎనిమిది గింజలొచ్చాయి. అంటే రెండు మోపులు. గని పని అయిపోయిందని సంతంతా చెప్పుకుంది. ముళ్ళున్నవాళ్ళు వాటితో చెవులు గోక్కున్నారు.

ఎండలు ముదిరాయి. గుహ లేని సింహాద్రప్ప, తోక తల మీద గొడుగులా పట్టుకుని, నాలుక బారెడు వేలాడేసుకుని వచ్చాడు. తేనెటీగలు అతన్ని వదిలిపోయి చాలా రోజులైంది.

"వదినా, ఐదు మోపులిచ్చి దీన్ని తీసుకో," అన్నాడు.

గవరమ్మ పెయ్యకి నీళ్ళు చూపించి, పెంటయ్యని పిలిపించింది. మళ్ళీ పోచ తీసింది. కొమ్ము కొసన ఉన్న అన్నిటికంటే పాత కణుపు వదిలేసి, పెంటయ్య దగ్గర ముల్లు లేని ఈ ఏటికి, దానికొచ్చిన రెండు మోపుల కింద పాత మడతలో అయిదో వంతు కలిపి, మళ్ళీ పది మడతలు పెట్టింది.

"రెండు మోపులు తగ్గింది," అంది. "ఇరవై ఎనిమిది."

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఐదు అడిగితే ఇరవై ఎనిమిది ఇచ్చే బుద్ధిహీనత ఈ లోకంలో ఉండదు. ఏదో మోసముంది. గనిలో కొత్త పొర పడిందేమో, చవిటినేల మళ్ళీ మునగబోతోందేమో అని వామి చుట్టూ తిరిగి తిరిగి ఆలోచించాడు. అతను తిరిగిన చోట నేల గుంటపడి, తర్వాతి వానకి చెరువైంది.

"నీకేం తెలిసింది వదినా?"

"నువ్వు నవ్విన రోజు తెలిసిందే. మంచి ఏడు నాకు ముప్ఫై కంటే ఎక్కువ కనపడలేదు. చెడ్డ ఏడని ఇప్పుడు ఐదుకి దిగిపోదు. మా తల్లీబిడ్డల వేసవికి గడ్డి పక్కన పెట్టాకే ఇస్తున్నాను, తీసుకో."

ఎండ వీపు మీద మరీ మండింది. సింహాద్రప్ప ఉప్పుగడ్డ నాకాడు. ఆ ఇరవై ఎనిమిది మోపులూ ఈడ్చుకుంటూ తిన్నగా ఊట పక్క గుహకి పోయి, గడ్డి తీసుకుని గుహ తిరిగివ్వమని పెంటయ్యని అడిగాడు. పెంటయ్య చల్లటి రాతిమీద గడ్డం ఆనించి, చాలాసేపు ఆలోచించినట్టు నటించాడు.

"పదేళ్ళ ఎండలు కలిపి కడితే ఇరవై చాలు," అన్నాడు. "కానీ అల్లుడూ, నువ్వు నేర్పిన పద్ధతి వేరు కదా. ఈ ఏటి ఎండ చూసి చెప్తున్నాను. నూట అరవై."

ఆ వేసవంతా సింహాద్రప్ప తన చిన్న గడ్డికుప్ప మీద కూర్చుని, కింద ఒక్క ఎలుకైనా కాపురానికి వస్తుందేమోనని ఎదురుచూశాడు. ఎలుకలు గవరమ్మ వామి కిందనుంచి కదల్లేదు. గవరమ్మ ముల్లుకి ఒక ఏడు పదిహేను మోపులొచ్చాయి, ఒక ఏడు మూడే వచ్చాయి, ఒక ఏడు పదొచ్చాయి. పెయ్య పెరిగి పెద్దదై, తలమీద కొమ్ములు లేచాయి. వాటిమీద చెయ్యి పెట్టి చూసినవాళ్ళకి దారమంత కణుపు ఒక్కటి కూడా తగల్లేదు.

గని విలువ కట్టేటప్పుడు ఒక్క ఏడు కురిసిన గింజలు చూడకూడదు, మంచీ చెడూ కలిపి ఇన్నేళ్ళలో అది ఎంత కడుపు నింపిందో చూడాలి.