పగటివాళ్ళ మందు

వెదురుకొండ అడవి చాలా పెద్దది. నిండా కొండలు, కొండకీ కొండకీ మధ్య వాగులు. జింకలు, నెమళ్ళు, కొండముచ్చులు పగలు తిరిగేవి. ముళ్ళపందులు, గుడ్లగూబలు, అలుగులు చీకటి పడ్డాక బయటికొచ్చేవి. పగటివాళ్ళు గుంపుగా ఉండేవారు. రాత్రివాళ్ళు ఎవరి గూట్లో వాళ్ళే, ఒంటరిగా ఉండేవారు.

మంగతాయి అనే అలుగు ఒక బొరియలో ఉండేది. ఒళ్ళంతా పొలుసులు, చీమలే తిండి. కిందటి తొలకరికి దాని మగడికి వణుకుజ్వరం వచ్చింది. కొండకొక వైద్యుడు, అందరిదీ ఒకటే మందు. ఆ కొండ వైద్యుడు కొండముచ్చు గవరయ్య. అందరికీ ఇచ్చినట్టే తెల్లవారగానే నేలవేము ఆకు నూరి పసరు తాగించాడు. అందరికీ తగ్గింది. మంగతాయి మగడు మాత్రం వాంతులు చేసుకుని, మధ్యాహ్నానికే పోయాడు.

"కొండంతా నా మందుతోనే లేచి తిరుగుతోంది. నీ మగడికి ఆయువు తీరిందమ్మా, అంతే" అన్నాడు గవరయ్య. పక్కనున్న జింకలు తలలూపాయి. వాటికి తగ్గింది మరి.

మంగతాయి బొరియకొచ్చి కొడుకు బుడ్డోణ్ణి తోక మీద ఎక్కించుకుంది. ఇక వాడొక్కడే మిగిలాడు. మళ్ళీ తొలకరి వస్తే జ్వరమూ వస్తుంది. అప్పుడు వాడికి ఆ పసరు పట్టాలా, మానాలా? పట్టిస్తే తండ్రిలాగే అవుతాడేమో. మానితే జ్వరమే తీసుకుపోతుందేమో. చీమలు తవ్వుతున్నా అదే ఆలోచన. అడగడానికి ఎవరూ లేరు.

వేసవిలో చీమలు దొరక్క, ఒక సందెవేళ కొడుకును ఎక్కించుకుని మొదటిసారి వాగు దాటింది. అవతల కోటమ్మ అనే ముళ్ళపంది దుంపలు తవ్వుకుంటోంది. పలకరించడానికి మొహమాటపడి మంగతాయి దూరంగా నిలబడిపోయింది.

"దొంగతనానికొచ్చావా, చుట్టరికానికొచ్చావా? నోరు విప్పితే కదా తెలిసేది" అంది కోటమ్మ.

మంగతాయి మెల్లగా తన మగడి సంగతి చెప్పింది. కోటమ్మ నోట్లోంచి దుంప జారిపోయింది.

"మా చెల్లెలూ అట్లాగే పోయింది. ఆ పసరు తాగిన పూటే. మా కొండలో దానొక్కదానికే అట్లా అయిందన్నారు. ఇన్నాళ్ళూ నేనెవరికీ చెప్పుకోలేదు."

ఇంకా ఎవరికైనా ఇట్లా అయిందేమో కనుక్కుందామనుకున్నారు ఇద్దరూ. తర్వాత కలిసి మరో కొండకి వెళ్ళారు. అక్కడ దాలయ్య అనే గుడ్లగూబకి కొడుకు పోయాడు. ఆ పక్క కొండలో ఒక పునుగుపిల్లికి తల్లి పోయింది. ఏ కొండలో చూసినా ఒక్కరే. ప్రతిచోటా ఆయువు తీరిందనే మాటే.

దాలయ్య అందరి మాటా విని, తల అటూ ఇటూ తిప్పి అన్నాడు: "పోయినవాళ్ళంతా మనలాగా రాత్రి తిరిగేవాళ్ళే. తెల్లవారేసరికి పగటివాళ్ళ కడుపు ఖాళీ. మన కడుపు నిండుగా ఉంటుంది. ఆ పసరు నిండు కడుపుకి పడదేమో చూడండి."

ఊరికే అనుకుంటే సరిపోదని, సందెవేళల్లో వాళ్ళు కొండ కొండా తిరిగారు. పగటివాళ్ళూ రాత్రివాళ్ళూ ఇద్దరూ మేలుకుని ఉండేది అప్పుడే. ఒక నెమలి, ఒక దుప్పి కూడా మేత మేశాక పసరు తాగి, వాంతులతో చావు తప్పి బయటపడ్డామని చెప్పాయి. అది విని మిగతా కొండల వైద్యులు ఒక మాటకొచ్చారు. ఇకనుంచి వాగు ఒడ్డున కలుసుకుని, మందు ఎవరికి పనిచేసిందో, ఎవరికి చేయలేదో ఒకరికొకరు చెప్పుకుందామన్నారు.

గవరయ్య ఒక్కడే రానన్నాడు. "బొరియల్లో పడుకునేవాళ్ళా నాకు వైద్యం నేర్పేది? మా తాత తెల్లవారే ఇచ్చాడు, నేనూ అంతే" అన్నాడు.

తొలకరి వచ్చింది. ముందు గవరయ్యకే జ్వరం తగిలింది. అప్పటికే కడుపునిండా మేడిపళ్ళు తిని ఉన్నాడు. తన మందుకి వంక లేదని చూపించడానికి అందరి ముందూ పసరు తాగాడు. వాంతులతో కళ్ళు తిరిగి కొమ్మ మీంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గాని నడుం పోయింది. రోగులు వాగు దాటి వేరే వైద్యుల దగ్గరికి వెళ్ళారు. చెట్టు కింద గవరయ్య ఒక్కడే మిగిలాడు.

బుడ్డోడికీ జ్వరం వచ్చింది. మంగతాయి పగలంతా వాణ్ణి పడుకోనిచ్చింది. సందెవేళ, వాడు ఒక్క చీమనైనా ముట్టకముందే, పసరు పట్టింది. తర్వాత వాడి పొట్ట మీద చెయ్యేసి కూర్చుంది. కోటమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది. కాసేపటికి వాడి ఒళ్ళు చల్లబడింది. ఆకలన్నాడు.

చీమలు తిని, తోక మీదికెక్కి, వాడు అడిగాడు: "నాన్నకి కూడా సాయంత్రం ఇచ్చుంటే బతికేవాడా అమ్మా?"

"బతికేవాడే నాయనా. అప్పటికి మనకి వాగవతల ఎవరూ తెలియదు" అంది మంగతాయి.

నీతి: ఒంటరిగా మోస్తే తలరాత అనిపించే కష్టానికి, నలుగురూ కలిసి చెప్పుకుంటే కారణం దొరుకుతుంది, తనకే అంతా తెలుసనుకున్నవాడు చివరికి ఒంటరివాడవుతాడు.