చెంచయ్య తాత చెయ్యి కడిగేదాకా

ఇటు జరగండర్రా. గోడవైపు లౌక్య, ఇవతల ధీరూ. దుప్పటి గుంజుకోకండి. ముందు మీ ఇద్దరి మీదా నాకు కోపంగా ఉంది, అది చెప్పాకే కథ. ఇవాళ మధ్యాహ్నం సుభద్రమ్మ మెస్సులో ఏం చేశారు? పక్కన పెద్దాయన ఇంకా చారన్నంలో ఉండగానే టింగుమని లేచి చేతులు కడిగేసుకున్నారు. నాకు తల తీసేసినట్టయింది. ముప్ఫై ఏళ్ళబట్టి తింటున్నాను ఆ మెస్సులో. మీ తాతయ్య పోయిన కొత్తల్లో, నా ఒక్కదానికోసం పొయ్యి వెలిగించబుద్ధి కాక వెళ్ళి కూర్చుంటే, ఆవిడ ఏమీ అడగలేదు. వేడన్నంలో ఇంత పప్పు, ఇంత నెయ్యి వేసి, నేను తినేదాకా అక్కడే నిలబడింది. పంక్తిలో వాళ్ళంతా తినేసి కూడా నాకోసం కూర్చున్నారు. అలాంటి చోటు ఈ ఊళ్ళో ఇంకోటి చూపించండి, నేను చెవులు కోయించుకుంటాను. మీకు పంక్తి మర్యాద తెలీదు కాబట్టి ఇవాళ ఆ కథే.

అనగా అనగా, ఎప్పటి మాటో, తూర్పు రాజుకీ పడమటి రాజుకీ సరిహద్దులో ఒక పూటకూళ్ళ ఇల్లుండేది. దారినపోయేవాళ్ళకి వండిపెట్టే ఇల్లన్నమాట, అప్పటి మెస్సు అనుకోండి. దాన్ని నడిపేది పేరిందేవమ్మ. వండేది ఆవిడ కొడుకు పానకాలు. వడ్డించేది కోడలు అలివేలు. ఆ ఇంట్లో పోపు వేస్తే దారిన పోయే ఎడ్లు కూడా ఆగేవట. మరి ఆ వరసేమిటనుకున్నారు! పప్పయ్యాక కూర, కూరయ్యాక దప్పళం, దప్పళం అయ్యాక చారు, చారయ్యాక గడ్డపెరుగు. అందరికీ అదే విస్తరి, అందరికీ అదే నేల. కత్తులున్నవాళ్ళు కత్తులూ, తలపాగాలున్నవాళ్ళు తలపాగాలూ బయట కొయ్యలకి తగిలించి రావాల్సిందే.

ఇంకో కట్టడి కూడా ఉంది. పంక్తిలో చివరి మనిషి తిని చెయ్యి కడిగేదాకా ఎవరూ లేవకూడదు. లేస్తే తింటున్నవాడిని అవమానించినట్టు. ఎవరైనా కాలు కదిపితే చాలు, పేరిందేవమ్మ గరిటె చూపించేది. ఆ గరిటె కూడా తక్కువదేం కాదు, నా చెయ్యంత ఉండేది.

ఊ కొడుతున్నారా? ధీరూ, నీ ఊ వినపడలేదు.

సరే. ఆ రాజులిద్దరికీ మధ్యనున్న గుట్ట మీద తగువొచ్చింది. నాదంటే నాదని. ఇంతా చేసి ఆ గుట్ట మీద ఏముందీ అంటే, మేకలు కూడా మూతి పెట్టని ముళ్ళకంప! దానికోసం సైన్యాలు తెచ్చి పూటకూళ్ళ ఇంటికి అటొకటీ ఇటొకటీ దింపారు. చాలక, తూర్పు రాజు భటులొచ్చి పానకాలుని లాక్కుపోయి చేతిలో బల్లెం పెట్టారు. గరిటె తప్ప ఇంకోటి పట్టి ఎరగడు నాయన. బల్లెంతో కూడా దప్పళం కలుపుతున్నట్టే తిప్పుతున్నాడట. నవ్వకండి, పాపం. అలివేలుకి పెళ్ళై ఏడాదైనా కాలేదు. మూడు రోజులబట్టి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు ఆ పిల్ల.

యుద్ధానికి ముహూర్తం పెట్టారు. పొద్దు నడినెత్తి మీదనుంచి వాలాక, పూటకూళ్ళ ఇంటి చూరు నీడ రెండో మెట్టు దిగేలోపల రాజులు శంఖాలు ఊదాలి. నీడ దిగిపోతే ఆ ముహూర్తం పోయినట్టే, మళ్ళీ ఆర్నెల్లదాకా ఇంకోటి లేదు. ఇద్దరు రాజుల జ్యోతిష్కులూ అదే చెప్పారు. ఆ ఒక్క విషయంలో మాత్రం రెండు రాజ్యాలకీ భలే పొత్తు కుదిరింది.

ఆ రోజు పేరిందేవమ్మ కళ్ళు తుడుచుకుంటూనే పొయ్యి వెలిగించింది. కొడుకు యుద్ధంలో ఉంటే వంటేమిటని అలివేలు అడిగితే, ఆకలితో వచ్చినవాడిని ఏమని వెనక్కి పంపనే అందిట. వంకాయ కూరలో కారం పెట్టగానే ఆ వాసన రెండు గుడారాల్లోకీ వెళ్ళింది. పాపం రాజులకి వారంబట్టీ ఎండు రొట్టెలే. ఒకరికి తెలీకుండా ఒకరు, నగలూ కిరీటాలూ తీసేసి, మామూలు పంచెలు కట్టుకుని, ఒక్క ముద్ద తిని ముహూర్తానికి వచ్చేద్దామని బయల్దేరారు.

వాకిట్లో నీళ్ళు చల్లుతున్న అలివేలు వాళ్ళ మొహాలు చూడలేదు. గడప దగ్గర విడిచిన చెప్పులు చూసింది. రెండు జతలకీ రాజులు తప్ప ఇంకెవరూ తొడగని వెండి పువ్వులు! పంచె మార్చారుగాని చెప్పులు మార్చడం మర్చిపోయారు మహానుభావులు. లోపలికి పరుగెత్తి ఇద్దరికీ పక్కపక్కనే విస్తళ్ళు వేసింది. పంక్తి చివర చెంచయ్య తాతని కూర్చోబెట్టింది. ఆయన కుండలు చేసే ముసలాయన. నోట్లో ఒక్క పన్ను లేదు. తినేది పిడికెడు, కానీ ఆ పిడికెడూ ఎంతసేపు తినేవాడంటే, పిల్లి నిద్రపోయి లేచేదట.

అలివేలు పప్పు వడ్డిస్తున్నట్టు వంగి ఆయన చెవిలో అంది: తాతా, చూరు నీడ రెండో మెట్టు దిగేదాకా నువ్వు లేవకు. మా ఆయన ప్రాణం నీ విస్తట్లో ఉంది.

తాత తల ఊపాడు. ముద్ద కలిపాడు, ముద్ద చేశాడు, ముద్ద మింగాడు. పప్పయ్యాక కూర. ముద్ద కలిపాడు, ముద్ద చేశాడు, ముద్ద మింగాడు. కూరయ్యాక దప్పళం. నీడ ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది. రాజులిద్దరూ ఈలోపల పెరుగన్నం కూడా లాగించేసి చూస్తున్నారు. తూర్పు రాజు లేవబోయాడు. గరిటె కనిపించింది. కూర్చున్నాడు. పడమటి రాజు లేవబోయాడు. గరిటె కనిపించింది. ఆయనా కూర్చున్నాడు.

ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూసెరగరు, పక్కనున్నదెవరో తెలీదు. ఊరికే కూర్చుని ఏం చేస్తారు? మోకాళ్ళ నొప్పుల దగ్గర మొదలెట్టారు. నీకూనా అంటే నీకూనా అనుకున్నారు. తర్వాత తూర్పు రాజు, నిన్న రాత్రి కంటిమీద కునుకు లేదన్నాడు. మావాడు సైన్యంలో మొదటి వరసలో ఉన్నాడు, పద్దెనిమిదేళ్ళు, ఇంకా మీసం కూడా సరిగ్గా రాలేదు అన్నాడు. పడమటి రాజు, మావాడికి పంతొమ్మిది, వాడూ మొదటి వరసే, పొద్దున్న నా కాళ్ళకి దండం పెట్టి ఎంతకీ పాదాలు వదల్లేదు, నేనే లేపి పంపేశాను అన్నాడు.

ఇక్కడేమో చెంచయ్య తాతకి కడుపు నిండిపోయింది. ముద్ద దిగడం లేదు. అలివేలు వంక చూశాడు. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు, చేతిలో చారు గిన్నె. తాత గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఇంకొంచెం చారు పొయ్యమ్మా, ఇవాళ భలే కుదిరింది అన్నాడు. ఒక్కో మెతుకే ఏరుకుని తిన్నాడు. మీ చేత కాకరకాయ తినిపించడానికి నేను పడే పాట్లు ఆ పూట ఆయన తనతో తను పడ్డాడు. చారయ్యాక పెరుగు. నీడ రెండో మెట్టు మీదికొచ్చింది. వేలెడు మిగిలింది, గోరంత మిగిలింది, అమ్మయ్య, దిగిపోయింది!

అప్పుడే ఇద్దరు భటులు చెరో గుమ్మంలోంచి ఊడిపడి, మహారాజా, ముహూర్తం దాటిపోయింది అని అరిచారు. ఇద్దరు రాజులూ ఒక్కసారే ఆఁ అన్నారు.

అని, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

పేరిందేవమ్మ చేతిలో గరిటె జారి కింద పడింది. చెంచయ్య తాత మాత్రం తాపీగా లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఇంక ఎవరైనా లేవచ్చు. కత్తులు ఎదురుగా భటుల నడుములకే ఉన్నాయి. కానీ ఆ ఇద్దరూ లేవలేదర్రా. పడమటి రాజు, పద్దెనిమిదేళ్ళన్నావు కదూ అన్నాడు. తూర్పు రాజు ఔనని తల ఊపి, మొహం పక్కకి తిప్పుకుని ఏడ్చాడు. ఆ గుట్ట నువ్వే ఉంచుకో అని ఒకరు, నాకెందుకు నువ్వే ఉంచుకో అని ఇంకొకరు. చివరికి ఎవరికీ వద్దని సైన్యాలని ఇళ్ళకి పంపేశారు.

పానకాలు బల్లెం దారిలోనే పారేసి పరుగెత్తుకొచ్చాడు. పేరిందేవమ్మ కొడుకుని కావలించుకుంది. కానీ అన్నం ముందు వాడికి పెట్టలేదు. చెంచయ్య తాత నోట జరిగిందంతా విని ఉంది కదా, కోడలి చెయ్యి పట్టుకుని విస్తరి ముందు కూర్చోబెట్టింది. కొంగు నడుముకి దోపి, తన చేత్తో పప్పన్నం కలిపి, నా కొడుకుని తెచ్చి ఇచ్చావు తల్లీ, మూడు రోజులైంది నువ్వు తిని అంటూ నోట్లో పెట్టింది. ఆ పిల్ల నమల్లేక, మింగలేక, వెక్కి వెక్కి ఏడుస్తూనే తింది. అత్తగారు కలుపుతూనే ఉంది.

అదర్రా సంగతి. పక్కవాళ్ళు తింటుంటే కాసేపు కూర్చోండి, మీ సొమ్మేం పోదు. కథేమో కంచి బండెక్కింది, మనమేమో కళ్ళు మూసుకుందాం. లౌక్యా, నువ్వు ఏడుస్తున్నావుటే? ఇటు రా, నా పొట్టకి ఆనుకుని పడుకో.