కంకర కుప్ప దగ్గర నిలబడ్డది

బొమ్మల నవలలు వేయడంలో చెయ్యి తిరిగిన మనిషి జగన్నాథాచారి మాస్టారు. శిష్యులు ఏదైనా అడిగితే మాత్రం నోరు విప్పరు, లేచి చెప్పులేసుకుంటారు.

ఒక సాయంత్రం శిష్యురాలు కస్తూరి అడిగింది. "నగర శివారు రాత్రిని ఎలా వేస్తే చదివేవాళ్ళ గుండె ఝల్లుమంటుంది మాస్టారూ?" పాపం, అది ఆమె మొదటి పుస్తకం. రాత్రి అధ్యాయంలో భయమే లేదని ప్రచురణకర్త తిప్పిపంపాడు. ఈసారీ కుదరకపోతే పుస్తకం వెయ్యనని తేల్చి చెప్పేశాడు. సీసాలకు సీసాలు సిరా ఒంపింది, కాగితం నల్లబడిందే గానీ భయం పుట్టలేదు.

మాస్టారు చెప్పులేసుకున్నారు. ఆమె బొమ్మలో వేసిన చోటుకే పదమన్నారు.

రింగు రోడ్డు దాటాక సగంలో ఆగిపోయిన అపార్టుమెంట్లు. చెత్త తగలబడుతున్న పొగ. ఒక్క కుక్కయినా మొరగడం లేదు. మాస్టారు టార్చి వేసుకుని, దగ్గుతూ, గట్టిగా కబుర్లు చెబుతూ నడుస్తుంటే కస్తూరికి ఒళ్ళు మండింది. చీకటిని చూడాలంటే లైటు ఆర్పేసి, కళ్ళకు అలవాటయ్యేదాకా ఉలుకూ పలుకూ లేకుండా నిలబడాలని నేర్పింది ఈయనే కదా! వారం రోజులుగా ఆమె ఒంటరిగా ఇక్కడికొచ్చి చేస్తున్నదీ అదే.

ఒక అపార్టుమెంటు కింది అంతస్తులో, కాపలావాడి గది ముందు ఆగి మాస్టారు మంచినీళ్ళడిగారు. కాపలావాడి భార్య రేకు తలుపు కొంచెమే తీసింది.

"లైటేసుకొని మాట్లాడుకుంట వస్తున్నరని తలుపు తీసిన సారూ. వారం సంది ఆ కంకర కుప్ప కాడ ఏదో నిలవడుతుంది. కదలదు, పిలిస్తే పలకదు. మా బిడ్డ కిటికీల నుంచి దాన్ని సూసి జడుసుకుంది. జరం దిగుతలేదు. పొద్దుగాల పని ఇడిసిపెట్టి ఊరికి పోతున్నం."

కస్తూరికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తన బొమ్మ కోసం ఒక పసిపిల్లకు జ్వరం తెప్పించింది! లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చుంది.

"అది నేనేనమ్మా. బొమ్మ కోసం నిలబడ్డాను. ఇంక భయపడకు."

పాప ఆమె మొహంలోకి చాలాసేపు చూసి, తల అడ్డంగా ఊపింది.

"నువ్వు గాదక్కా. దానికి మొకం లేదు."

బయటికొచ్చాక కంకర కుప్ప వైపు తల తిప్పడానికి కస్తూరికి ధైర్యం చాలలేదు. మాస్టారి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అది నేనే కదా మాస్టారూ?"

"ఆ పాప కిటికీలోంచి కనబడ్డట్టు బొమ్మ వేసి చూడమ్మాయ్," అన్నారాయన.